దగ్గు వినిపించే పాట: బాబ్ డిలన్ తొలి రికార్డింగుల చిక్కుముడి

'బ్లోయింగ్ ఇన్ ది విండ్' పాటను అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ 1962లో ఒక ఆఫీసు గదిలో పాడిన టేపు ఉంది. పాడుతూ పాడుతూ మధ్యలో దగ్గుతాడు. అయినా ఆపడు, మొదటినుంచి మళ్లీ ఎత్తుకోడు. గొంతు సర్దుకుని అలాగే లాగించేస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు కొంచెం చిరాకేసింది. లోకమంతా పాడుకున్న పాటను రాసినవాడే ఇంత అలవోకగా పాడేశాడేంటి అనిపించింది. ఆ టేపు ఎవరి కోసం, ఎందుకు చేశారో తెలిశాక మాత్రం ఆ దగ్గును కత్తిరించకుండా ఉంచినందుకు సంతోషించాను.

డిలన్ తొలి రోజుల రికార్డింగుల గురించి చదవడం మొదలుపెడితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఆల్బమ్‌లో ఒక వెర్షన్, 'డెమో' అని ఇంకోటి, ఎవరో స్నేహితుడి ఇంట్లో పాడింది మరోటి, కాఫీ హోటల్లో పాడింది వేరేది. ఒక్కోటీ ఒక్కో ఏడాది బయటికొచ్చింది. 1962లో పాడినది 2010లో విడుదలైంది. 1956లో పాడినది 2025లో. 'ఈ పాట మొదటి రికార్డింగ్ ఏది?' అని అడిగితే ముగ్గురు ముగ్గురు రకాలుగా చెబుతారు, ముగ్గురూ నిజమే చెబుతారు.

నాకు తోచిన దారి ఒకటి ఉంది. తేదీల వెంట పడకుండా, ప్రతి టేపు దగ్గరా 'దీన్ని ఎవరికి వినిపించడానికి చేశారు?' అని అడగాలి. ముడి దానంతటదే వదులవుతుంది.

ముందు ఒక సంగతి సర్దుకోవాలి. పాట వేరు, రికార్డింగ్ వేరు. మాటలు, బాణీ కలిస్తే పాట. దాన్ని ఫలానా రోజు ఫలానా మనిషి పాడగా పట్టుకున్న శబ్దం రికార్డింగ్. చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు ఆస్తులు, ఇల్లూ ఇంటి కింద స్థలమూ వేర్వేరు పేర్ల మీద ఉన్నట్టు. డిలన్ విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2020లో తన పాటల హక్కులను యూనివర్సల్ సంస్థ ప్రచురణ విభాగానికి అమ్మాడు. ఆ మరుసటి ఏడాది తన రికార్డింగులను సోనీకి అమ్మాడు. అవే పాటలు, అదే గొంతు, ఇద్దరు వేర్వేరు కొనుగోలుదారులు.

ఇక కథలోకి వద్దాం. మిన్నెసోటా రాష్ట్రంలోని హిబ్బింగ్ అనే గనుల ఊళ్లో పెరిగిన రాబర్ట్ జిమ్మర్‌మన్ 1961 జనవరిలో న్యూయార్క్ చేరాడు. అప్పటికే పేరు బాబ్ డిలన్‌గా మార్చుకున్నాడు, వయసు ఇంకా 20 నిండలేదు. గ్రీనిచ్ విలేజ్ కాఫీ హోటళ్లలో పాడుతూ తిరిగాడు. సెప్టెంబరు 29న న్యూయార్క్ టైమ్స్‌లో రాబర్ట్ షెల్టన్ అతడి మీద మెచ్చుకోలుగా రాశాడు. కొలంబియా కంపెనీలో నిర్మాత జాన్ హామండ్ ఒప్పందం చేయించాడు. నవంబరు 20, 22 తేదీల్లో, రెండే రోజుల్లో, మొదటి ఆల్బమ్ రికార్డింగ్ ముగిసింది. అయిన ఖర్చు 402 డాలర్లని హామండ్ చెప్పుకునేవాడు.

1962 మార్చి 19న విడుదలైన ఆ ఆల్బమ్‌లో 13 పాటలుంటే డిలన్ సొంతంగా రాసినవి రెండే. మిగతావన్నీ పాత జానపదాలు, బ్లూస్. అంటే పాటలు రాసే డిలన్ తొలి రికార్డింగుల కోసం వెతికేవాళ్లకు ఆ ఆల్బమ్‌లో దొరికేది చాలా తక్కువ. అమ్మకాలూ అంతంతమాత్రమే. మొదటి ఏడాదిలో 5,000 కాపీలు పోయాయంటారు. కంపెనీలో కొందరు ఆ కుర్రాణ్ణి 'హామండ్ చేసిన తప్పు' అని వెక్కిరించేవారు.

రాసినవాడి అసలు తొలి టేపులు స్టూడియోలో లేవు, పాటల ప్రచురణకర్తల ఆఫీసుల్లో ఉన్నాయి.

పాటలకు ప్రచురణకర్తలేంటి అని మనకు అనిపిస్తుంది. మన దగ్గర పాట సినిమాతో పుట్టి సినిమాతో పెరిగింది కాబట్టి ఆ వ్యాపారం విడిగా కంటికి ఆనలేదు. అమెరికాలో గ్రామఫోను రాకముందు నుంచే పాటను స్వరలిపితో అచ్చేసి అమ్మేవాళ్లు. రికార్డులొచ్చాక ఆ కంపెనీల పని మారింది. పాట రాసేవాడితో ఒప్పందం చేసుకోవడం, ఆ పాటను ఎవరైనా పేరున్న గాయకుడి చేత పాడించడం, వచ్చిన డబ్బులో సగం తీసుకోవడం. 1962 జనవరిలో డిలన్ లీడ్స్ మ్యూజిక్ అనే కంపెనీతో 100 డాలర్ల అడ్వాన్సుకు సంతకం చేశాడు. కొన్ని నెలలకే వెయ్యి డాలర్లు కట్టి అందులోంచి బయటపడ్డాడు. జులైలో విట్‌మార్క్ కంపెనీకి మారాడు. లీడ్స్ కోసం పాడినవి 8, విట్‌మార్క్ కోసం 1964 దాకా పాడినవి 39. మొత్తం 47 టేకులు 2010 అక్టోబరులో, రికార్డు కంపెనీ పాత టేపులను వెలువరించే 'బూట్‌లెగ్ సిరీస్'లో 9వ సంపుటంగా అధికారికంగా వచ్చాయి. దగ్గు వినిపించేది అందులోనే.

విట్‌మార్క్ ఆఫీసులో అతను పాడిన గది మంచం పట్టేంత ఉండేది, అంతే. ఒక మైకు, ఒక టేపు మిషను. స్టూడియోల్లో టేపు తిరిగే వేగంలో సగానికే, అంటే సెకనుకు ఏడున్నర అంగుళాలకే తిప్పేవాళ్లు. టేపు ఆదా అవుతుందని. డిలన్ వచ్చి గిటారు మీదో పియానో మీదో కొత్త పాట పాడి వెళ్లిపోయేవాడు. తర్వాత స్వరలిపి తెలిసిన ఉద్యోగి ఒకరు టేపు వింటూ బాణీని, కింద మాటలను కాగితం మీద ఎక్కించేవారు. ఆ కాగితాన్ని 'లీడ్ షీట్' అంటారు. అది వాషింగ్టన్‌లోని కాపీరైట్ ఆఫీసుకు వెళ్లేది.

టేపే పంపొచ్చు కదా? కుదరదు. అప్పటికి అమల్లో ఉన్నది 1909 నాటి చట్టం. దాని ప్రకారం పాట అంటే కంటికి కనిపించే స్వరలిపి. పాటను నమోదు చేయించడానికి టేపును, రికార్డును కాపీగా ఒప్పుకునేవాళ్లు కాదు, ఆ పద్ధతి 1978లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాకే మారింది. ఇంకో వింత ఏంటంటే, రికార్డింగుకు అమెరికా కేంద్ర చట్టం కింద కాపీరైట్ దొరికింది 1972 ఫిబ్రవరి 15 నుంచే. కాబట్టి 1962లో ఆ ఆఫీసు దృష్టిలో టేపుకు సొంతంగా విలువ లేదు. కాగితం రాసుకోవడానికి వాడే చిత్తు పుస్తకం అది. చిత్తు పుస్తకంలో దగ్గు ఉంటే ఎవరికి నష్టం?

ఇది తెలిశాక ఆ టేపుల్లోని చాలా వింతలు అర్థమవుతాయి. తలుపు చప్పుళ్లు వినిపిస్తాయి. 'లెట్ మీ డై ఇన్ మై ఫుట్‌స్టెప్స్' పాటను మధ్యలో ఆపేసి, ఇది చాలా పొడుగు, పాడి పాడి విసుగొచ్చింది అన్నట్టు మాట్లాడతాడు. అతని ముందున్నది శ్రోత కాదు, గుమాస్తా. కొందరు విమర్శకులు ఈ డెమోలను 'తుదిమెరుగులు దిద్దని కళ' అని వర్ణిస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. రిజిస్ట్రారాఫీసులో పెట్టిన సంతకాన్ని చూసి చేతిరాత బాగోలేదన్నట్టు ఉంటుంది.

టేపుకు రెండో పని కూడా ఉంది, డబ్బు అక్కడే ఉంది. వేరే గాయకులకు వినిపించడం. మన సినిమాల్లో ట్రాక్ సింగర్ పాడి పెట్టిన వెర్షన్ విని పేరున్న గాయకుడు వచ్చి పాడతాడే, దాదాపు అదే. తేడా ఏంటంటే ఇక్కడ ట్రాక్ పాడింది రాసినవాడే. టేపు నుంచి 'అసిటేట్' రికార్డులు కోసేవాళ్లు. అల్యూమినియం పళ్లెం మీద లక్కలాంటి పూత, దాని మీద సూదితో ఒక్కొక్కటిగా గాడి గీయడం. కొన్ని పదుల సార్లు మోగిస్తే అరిగిపోయేది. గాయకుడు విని నచ్చితే పాడతాడు, లేకపోతే బుట్టలో పడేస్తాడు.

నచ్చితే ఏమొస్తుంది? అప్పటి చట్టం ప్రకారం అమ్ముడైన ప్రతి రికార్డుకు, పాటకు 2 సెంట్లు. 1909లో పెట్టిన రేటు 1977 దాకా కదల్లేదు. ఇంకో నియమం ఉంది: పాటను మొదటిసారి రికార్డు చేయడానికే హక్కుదారు అనుమతి కావాలి. ఒకసారి రికార్డై బయటికొచ్చాక ఆ 2 సెంట్లు కట్టి ఎవరైనా పాడుకోవచ్చు. అందుకే ప్రచురణకర్తలు మొదటి రికార్డు ఎవరు చేస్తారా అని అంతగా టెన్షన్ పడేవాళ్లు. తర్వాత గేట్లు ఎత్తేసినట్టే.

'బ్లోయింగ్ ఇన్ ది విండ్' ఈ దారిలో ఎలా నడిచిందో చూస్తే చిక్కుముడి మొత్తం ఒక్క పాటలోనే దొరుకుతుంది. 1962 ఏప్రిల్ 16న గ్రీనిచ్ విలేజ్‌లోని గర్డీస్ ఫోక్ సిటీ అనే క్లబ్బులో మొదటిసారి వేదికెక్కింది. అప్పటికి రెండే చరణాలు. మూడోది తర్వాత రాసి మధ్యలో చేర్చాడు. మే నెలలో 'బ్రాడ్‌సైడ్' అనే చిన్న పత్రికలో మాటలు, స్వరలిపి అచ్చయ్యాయి. అంటే ఏ రికార్డూ రాకముందే పాట జనంలోకి కాగితం మీద వెళ్లింది. జులై 9న కొలంబియా స్టూడియోలో పాడాడు. అదే నెలలో విట్‌మార్క్ గదిలో పాడాడు. చాడ్ మిచెల్ ట్రయో అనే బృందం ముందుగానే రికార్డు చేసినా, పాటలో చావు ప్రస్తావన ఉందని వాళ్ల కంపెనీ తాత్సారం చేసిందని చెబుతారు. డిలన్ వెర్షన్ 1963 మే 27న రెండో ఆల్బమ్‌లో వచ్చింది. కొన్ని వారాలకే, జూన్‌లో, పీటర్, పాల్ అండ్ మేరీ బృందం సింగిల్ విడుదలైంది. మొదటి వారంలోనే 3 లక్షలు అమ్ముడైందంటారు. బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది.

2 సెంట్ల లెక్క వేసుకోండి. 3 లక్షల రికార్డులకు 6,000 డాలర్లు, వారంలో. మొదటి ఆల్బమ్‌కు ఏడాదంతా పట్టిన అమ్మకాలు 5,000 కాపీలు. డిలన్ ముక్కుతో పాడతాడని, గొంతు బాగోదని ఎంతమంది అన్నా అతడి పాట నిలదొక్కుకుంది ఈ లెక్క వల్లే.

ఇందులో చిన్న మతలబు కూడా ఉంది. ఆల్బర్ట్ గ్రాస్‌మన్ డిలన్‌కూ, పీటర్, పాల్ అండ్ మేరీకీ ఇద్దరికీ మేనేజరు. ఆ బృందం రికార్డులు వార్నర్ బ్రదర్స్ వేసేది. విట్‌మార్క్ ఆ వార్నర్ కిందిదే. పాట ఎవరి గొంతులోంచి ఎవరి గొంతులోకి వెళ్లినా డబ్బు మాత్రం చుట్టుతిరిగి అదే పెరట్లోకి వచ్చేది.

'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' ఇంకా చిక్కుది. 1964 జూన్ 9న డిలన్ దాన్ని ర్యాంబ్లింగ్ జాక్ ఎలియట్‌తో కలిసి స్టూడియోలో పాడాడు. ఆల్బమ్‌లోకి తీసుకోకుండా పక్కన పెట్టేశారు. అదే నెలలో విట్‌మార్క్ కోసం పియానో మీద ఒకటి పాడాడు. పక్కన పెట్టిన స్టూడియో టేక్ అసిటేట్ ఒకటి లాస్ ఏంజెలెస్‌లో బర్డ్స్ అనే కొత్త బృందం మేనేజరు చేతికొచ్చింది. దాన్ని విని, ఒకే చరణం ఉంచుకుని, ఎలక్ట్రిక్ గిటార్లతో 1965 జనవరి 20న వాళ్లు రికార్డు చేశారు. అంతకు ఐదు రోజుల ముందే, జనవరి 15న, డిలన్ తన ఆల్బమ్ కోసం మళ్లీ పాడాడు. డిలన్‌ది మార్చిలో వచ్చింది, బర్డ్స్‌ది ఏప్రిల్‌లో వచ్చి నంబర్ వన్ అయింది. వాళ్లు విన్న ఆ పాత టేక్ మనం వినడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఏది ముందు?

ఆల్బమ్‌లు మాత్రం సూటిగా ఉన్నాయా అంటే అదీ లేదు. రెండో ఆల్బమ్ 'ఫ్రీవీలింగ్' విడుదలకు కాస్త ముందు నాలుగు పాటలు తీసేసి, వేరే నాలుగు పెట్టారు. తీసేసినవాటిలో ఒకటి జాన్ బర్చ్ సొసైటీ అనే అతివాద సంస్థ మీద వ్యంగ్యం. అదే పాటను ఎడ్ సలివాన్ టీవీ షోలో పాడొద్దన్నందుకు 1963 మే 12న డిలన్ షో వదిలేసి వెళ్లిపోయాడు. కానీ మార్పుకు ముందే కొన్ని రికార్డులు అచ్చయిపోయాయి. వాటిలో కొన్నింటి మీద లేబుల్‌లో కొత్త పాటల పేర్లుంటాయి, సూది పెడితే పాత పాటలు మోగుతాయి. సేకరణకర్తలు అందుకే లేబుల్‌ను నమ్మరు. రికార్డును వెలుతురులో వంచి, గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీలో గీసిన నంబరు చూస్తారు. చివర '1ఎ' ఉంటే, అంటే మార్పుకు ముందు అచ్చయినదైతే, గుండె వేగం పెరుగుతుంది. అలాంటి కాపీల ధర డాలర్లలో వేలు, పదివేలు దాటుతుంది.

ఇక ఇళ్లలో చేసిన టేపులు. వీటికి ఆఫీసు లేదు, లెక్క లేదు. స్నేహితులు కూర్చుని, ఒకడి దగ్గర టేపు మిషనుంటే, పాడమనడమే. అన్నిటికన్నా ఎక్కువ వినబడే పేరు 'మిన్నెసోటా హోటల్ టేప్'. అది హోటల్ కాదు, మినియాపొలిస్‌లో ఒక స్నేహితురాలి ఇల్లు. ఇంటికి హాస్యానికి పెట్టుకున్న పేరు చరిత్రలో అలాగే ఉండిపోయింది. 1961 డిసెంబరు 22న టోనీ గ్లోవర్ అనే మిత్రుడు 26 పాటలు పట్టాడు. మొదటి ఆల్బమ్ ముగిసి నెల రోజులే అయింది. అయినా గొంతులో ఎక్కడా బెరుకు లేదు. స్టూడియోలో కంటే ఇక్కడే బాగా పాడాడని నా అభిప్రాయం.

ఆ టేపులోని పాటలు కొన్ని 1969లో లాస్ ఏంజెలెస్‌లో ఎవరో దొంగతనంగా అచ్చేసిన 'గ్రేట్ వైట్ వండర్' రికార్డులో చేరాయి. తెల్లటి అట్ట, దాని మీద ఏ అక్షరమూ లేదు. రాక్ సంగీతంలో దొంగ రికార్డుల వ్యాపారం దాంతోనే పుంజుకుంది. కొలంబియా కంపెనీ దానికి బదులుగా సొంత 'బూట్‌లెగ్ సిరీస్' మొదలుపెట్టింది 1991లో, 22 ఏళ్ల తర్వాత. దొంగసరుకు పేరునే బ్రాండు పేరుగా పెట్టుకోవడంలో ఉన్న గడుసుతనాన్ని మెచ్చుకోక తప్పదు. పదిహేనేళ్ల కుర్రాడిగా 1956 క్రిస్మస్‌కు ముందురోజు సెయింట్ పాల్‌లోని ఒక సంగీత దుకాణంలో స్నేహితులతో కలిసి పాడి కోయించుకున్న రికార్డు కూడా చివరికి ఆ సిరీస్‌లోనే, 18వ సంపుటంలో చేరింది.

మరో మెలిక యూరప్ చట్టంలోంచి వచ్చింది. అక్కడ రికార్డింగుల మీద హక్కు 50 ఏళ్లుండేది. 2011లో దాన్ని 70కి పెంచారు. కానీ 50 ఏళ్లలోపు ఒక్కసారైనా విడుదలై ఉంటేనే ఆ పెంపు. బీరువాలో పడి ఉన్న టేపుకు లేదు. 1962 టేపుల గడువు 2012 డిసెంబరు 31. దాంతో ఆ ఏడాది చివర్లో, కొలంబియాకు అప్పటికే యజమాని అయిన సోనీ 1962 నాటి 86 రికార్డింగులను నాలుగు సీడీలుగా, సాదా అట్టలో, యూరప్‌లో ఓ వంద కాపీలు మాత్రమే వదిలింది. అట్ట మీద 'కాపీరైట్ పొడిగింపు సంకలనం' అనే అర్థంలో దాపరికం లేకుండా అచ్చేశారు. మరుసటి ఏడాది 1963 టేపులకూ అదే పని. అభిమానులు దీన్ని ప్రేమగా చేసిన విడుదల అనుకుంటే పొరపాటే. కరెంటు బిల్లు చివరి రోజున కట్టడం లాంటిది ఇది. విట్‌మార్క్ గదిలో కాగితం కోసం టేపు చేశారు. 50 ఏళ్ల తర్వాత టేపు హక్కు కోసమే డిస్కు చేశారు. రెండుసార్లూ వినేవాడు ఎవరి లెక్కలోనూ లేడు.

మన చట్టంలో రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, పాట రాసినవాడికి మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 'మాయాబజార్' 1957లో వచ్చింది కాబట్టి ఆ పాటల రికార్డింగుల మీద హక్కు 2017తో ముగిసింది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి మాటల మీద హక్కు 2031 దాకా ఉంటుంది. పాత పాట కదా, ఎవరైనా వాడుకోవచ్చని యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. పాట, రికార్డింగ్ అని రెండుంటాయని మర్చిపోతారు.

ఇంక మిగిలింది ఒక్క రకం టేపు, వేదిక మీద పట్టినది. ఇవన్నీ విన్నాక నేను మళ్లీ మళ్లీ వెళ్లేది దాని దగ్గరికే. 1962 అక్టోబరులో గ్రీనిచ్ విలేజ్‌లోని గాస్‌లైట్ అనే నేలమాళిగ కాఫీ హోటల్లో చేసింది. 2005లో అధికారికంగా వచ్చినప్పుడు మొదట్లో ఒక కాఫీ షాపుల గొలుసులోనే అమ్మారు. అదే గాస్‌లైట్‌లో అదే నెలలో 'నో మోర్ ఆక్షన్ బ్లాక్' కూడా పాడాడు, కానీ అది ఈ డిస్కులో లేదు. బానిసత్వం నాటి ఆ పాత పాట 'బూట్‌లెగ్ సిరీస్' మొదటి సంపుటాల్లో ముందే వచ్చింది. అది విని వెంటనే 'బ్లోయింగ్ ఇన్ ది విండ్' వినండి, బాణీ ఎక్కడిదో ఎవరూ చెప్పక్కర్లేదు. డిలనే తర్వాత ఆ మాట ఒప్పుకున్నాడు.

అదే గాస్‌లైట్ టేపులో 'ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గాన్నా ఫాల్' పాడతాడు. పాట పుట్టి కొన్ని వారాలే అయింది. స్టూడియోలో పాడడానికి డిసెంబరు 6 దాకా, ఆల్బమ్ రావడానికి మరుసటి మే దాకా సమయముంది. ఏడు నిమిషాల పాట. మాటలు ముందుకు పోతూనే ఉంటాయి, కప్పులూ గ్లాసుల సందడి ఆగిపోతుంది. పల్లవి దగ్గరికి వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్లు గొంతు కలుపుతారు. మాటలు వాళ్లకు అప్పటికే వచ్చు.